మూల కోసిన అట్ట

సోమవారం

మావయ్యా,

ఒక అన్యాయం జరిగింది. చేసింది పంపుల కర్మాగారం పెద్ద ఇంజనీరు. నీ కొత్త బడి ఎలా ఉంది, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది అని అడిగాక ఈ మాట రాద్దామనుకున్నాను కానీ చెయ్యి ఆగలేదు. అన్యాయాన్ని ముందు పేరు పెట్టి పిలవాలి, మర్యాదలు ఆ తర్వాత అని పోయిన నెల మా ప్రెస్సులో వేసిన ఒక కరపత్రంలో చదివాను. నవ్వకు. "నువ్వు కాగితాలు కోసే పిల్లవి, చదివే పిల్లవి కావు" అని మా యజమాని ఎలాగూ నవ్వుతాడు. కోసేటప్పుడు కళ్ళు మూసుకోమంటాడో ఏమిటో. వేళ్ళు పోతాయి.

మొదటినుంచీ చెబుతాను. నీకు తెలిసిన సంగతులే, అయినా ఒకసారి వరసగా రాసుకుంటే తప్ప నా బుర్రలో కుదురుకునేలా లేవు. మా బడిలో ఏడో తరగతి పిల్లలకి ఏటా "ఇంజనీర్ల పూట" జరుగుతుంది కదా. కర్మాగారం నుంచి ఇంజనీర్లు వస్తారు, వంతెనలు ఎందుకు కూలవో, నీళ్ళు పైఅంతస్తుకి ఎలా ఎక్కుతాయో చెబుతారు, ఆ తర్వాత నలభై ప్రశ్నల పరీక్ష. ఈ పళ్ళ చక్రం ఇటు తిరిగితే ఆఖరి చక్రం ఎటు తిరుగుతుంది, అలాంటివి. ఒక్కో ప్రశ్నకి నాలుగు గళ్ళు, సరైన గడిలో పెన్సిల్ గీత. ఇరవై ఎనిమిది వస్తే నీలం చీటీ, కర్మాగారం చూపించడానికి బస్సు. రాకపోతే తెల్ల చీటీ. దాని మీద అచ్చు వేసి ఉండేది: "నీకు తగిన దారి మరొకటి ఉంది."

ఆ పూట మొదలుపెట్టిన ఏడాదే నేను రాశాను. పదకొండేళ్ళయింది. నాకు తొమ్మిది వచ్చాయి.

ఆ చీటీని మడిచి బూటులో పెట్టుకుని ఇంటికి నడిచాను, మావయ్యా. ఎవరికీ చెప్పలేదు. నీకు తెలుసని నాకు తెలుసు, ఎందుకంటే ఆ మర్నాటి నుంచి నువ్వు నీ క్రాఫ్టు గదిలో నన్ను రంపం దగ్గరకి రానివ్వలేదు. అంతకుముందు వారం ఇద్దరం కలిసి చెక్క పళ్ళ చక్రాలు కోస్తున్నాం, మూడు అయ్యాయి, నాలుగోది సగంలో ఉంది. దాన్ని తీసి బీరువాలో పెట్టేసి నాకు అట్టలూ జిగురూ ఇచ్చావు. "ఇది నీ చేతికి సరిపోతుందే" అన్నావు, ప్రేమగానే. నాకూ నిజమే అనిపించింది. తొమ్మిది వచ్చినదానికి రంపమెందుకు? అలా అట్టలు అతికిస్తూ, అట్టలు కోస్తూ, ఇదిగో ఈ ప్రెస్సులో కోత మిషన్ దగ్గర తేలాను. నీ మీద నాకేమీ కోపం లేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, విను.

శుక్రవారం కర్మాగారం నుంచి మాకు పని వచ్చింది. ఈ ఏడాది ఇంజనీర్ల పూటకి ఒక కరపత్రం, దాంతోపాటు పరీక్ష కాగితాలు దిద్దే చిల్లుల అట్టలు. పాతవి అరిగిపోయాయట; ప్రశ్నలు ఏటా అవే కాబట్టి వాటినే నమూనాగా పంపి, అలాంటివే కొత్తవి అడిగారు. బడి గుమాస్తా చిల్లుల అట్టని జవాబుల కాగితం మీద పెడతాడు, చిల్లుల్లోంచి కనిపించిన గీతలు లెక్కపెడతాడు. అంతే, దిద్దడం అయిపోయినట్టే. అట్టలు రెండు. ఎందుకంటే ప్రశ్నల కాగితాలు రెండు రకాలు, క, ఖ అని, పక్కవాళ్ళది చూసి రాయకుండా. మా బడిలో పరీక్షకి బెంచీకి ఎడమ పక్క మగపిల్లాడిని, కుడి పక్క ఆడపిల్లని కూర్చోబెడతారు, మాట్లాడుకోరని. ఎడమ వాళ్ళకి క, కుడి వాళ్ళకి ఖ.

మడతల బల్ల దగ్గర ఒకమ్మాయి పనిచేస్తుంది, మేం నత్త అంటాం. నా ఈడుదే, బడిలో నా తరగతే. ఏ పనైనా నానబెట్టి చేస్తుంది. మేం వంద కరపత్రాలు మడిచేసరికి తను అరవై. ఆ రోజు అట్టలు నాకు అందించమంటే, కర్మాగారం వాళ్ళు పంపిన జవాబుల జాబితా ఒక చేత్తో పట్టుకుని, అట్ట ఒక చేత్తో పట్టుకుని, ఒక్కో చిల్లూ వేలితో తడుముతూ కూర్చుంది. కానియ్యవే తల్లీ, ఊరేగింపు వెళ్ళిపోతోంది అని విసుక్కున్నాను. తను తల ఎత్తకుండా అంది, "ఈ రెండో అట్ట తలకిందులుగా కూర్చుంటోందే. మొదటి ప్రశ్న చిల్లు ఆఖరి ప్రశ్న మీద పడుతోంది."

లాక్కుని చూశాను. జవాబుల కాగితానికి కుడివైపు పైమూల కోసి ఉంటుంది. అట్టకీ అదే మూల కోసి ఉండాలి, రెండు మూలలూ కలిస్తే అట్ట సరిగ్గా కూర్చున్నట్టు. క అట్టకి సరిగ్గానే ఉంది. ఖ అట్టకి ఎడమవైపు కిందిమూల కోసి ఉంది. మూలని మూలతో కలిపితే అట్ట మొత్తం తలకిందులవుతుంది.

మావయ్యా, ఖ కాగితం ఆడపిల్లలది.

పదకొండేళ్ళుగా ఆడపిల్లల జవాబులు తలకిందులుగా దిద్దారు. నలభై ప్రశ్నలకి నాలుగేసి గళ్ళుంటే, కళ్ళకి గంతలు కట్టుకుని గీసినా పది వస్తాయి. మా తరగతిలో ఆడపిల్లలందరికీ ఏడు, తొమ్మిది, పదకొండు, పది. ఒక్కరికీ పదిహేను దాటలేదు. ఒక్క మనిషికైనా అనుమానం రావద్దా? రాలేదు, ఎందుకంటే అందరూ అనుకున్నదే అట్ట కూడా చెప్పింది. పైగా, ఆ అట్టతో పాటు వచ్చిన కరపత్రంలో పెద్ద ఇంజనీరు తన సంతకం పెట్టి రాసిన వాక్యం చదువు: "బాలికలలో యంత్రాల పట్ల సహజమైన అభిరుచి తక్కువని మా పదకొండేళ్ళ పరీక్షలలో తేలింది." దాన్ని రెండు వేల ప్రతులు కోసింది నా చేత్తోనే.

రెండు అట్టల్నీ, ఒకదాన్ని తిప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. కోసిన మూలలు అంచుకి అంచు కలిశాయి. రెండింటినీ కలిపి ఒకే వేటుకి కోశారన్నమాట. కింది అట్ట తిరగబడి ఉన్నట్టు చూసుకోలేదు. మా పనిలో ఇది రోజూ భయపడే తప్పు. కోసిన అంచు మీద వెంట్రుకంత గీత కూడా ఉంది, కత్తికి ఎక్కడో చిన్న పన్ను విరిగినట్టుంది. కర్మాగారంలో అంత పెద్ద పంపులు చేసేవాళ్ళకి ఒక మంచి కత్తి లేదు చూడు.

బుధవారం ఆయన దగ్గరికి వెళ్తున్నాను. అట్టలు బల్ల మీద పడేసి అడుగుతాను. వచ్చే వారం శుక్రవారమే ఈ ఏడాది పరీక్ష. నా దగ్గర ఉన్న మాటలన్నీ రాసుకున్నాను, నాలుగు పేజీలయ్యాయి.

నీ నిప్పుకోడి

*

గురువారం

మావయ్యా,

పెద్ద ఇంజనీరుని చూశాను. నా నాలుగు పేజీలూ సంచిలోనే ఉండిపోయాయి.

గద్ద ముక్కూ, గట్టి గొంతూ ఉన్న మనిషిని ఊహించుకుని వెళ్ళాను. ఉన్నది సన్నటి మనిషి. కళ్ళజోడు కాడ విరిగితే రాగితీగ చుట్టి తనే బాగుచేసుకున్నాడు. గది నిండా పాత పంపుల ముక్కలు, వాటి మధ్య ఒక కుర్చీ ఖాళీ చేసి నాకిచ్చాడు. కుర్చీ ఇచ్చినా కూర్చోవద్దని ముందే అనుకున్నాను, కూర్చున్నాను. అట్టలు ఆయన ముందు పెట్టాను. ఆయనే జాబితా తీశాడు, ఖ అట్ట పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "పదకొండు," అన్నాడు. సంవత్సరాల సంఖ్య.

ఆ తర్వాత లేచి ఒక పాత ఫైలు తీశాడు. మా బడి పెద్ద టీచరు పదకొండేళ్ళ కిందట రాసిన ఉత్తరం చూపించాడు. నా కళ్ళతో చదివాను: "చిల్లుల అట్టల కోసం మీరు శ్రమ పడనవసరం లేదు. మా క్రాఫ్టు మాస్టారు స్వయంగా కోసి ఇచ్చారు. ఆయన చేతిపనికి తిరుగు ఉండదు."

తిరుగు ఉండదట.

అప్పుడు ఆ గీత జ్ఞాపకం వచ్చింది. వెంట్రుకంత గీత. నా చిన్నప్పుడు నువ్వు కోసి ఇచ్చిన అట్ట గాలిపంకాల అంచుల మీద, అట్ట ఓడల మీద, నా పుస్తకాల అట్టల మీద, ప్రతిదాని మీదా అదే గీత ఉండేది. నీ పెద్ద కత్తి పన్ను. "ఇది నా సంతకమే" అని నవ్వేవాడివి. సోమవారం ఆ గీత చూసి కూడా నిన్ను గుర్తుపట్టలేదు నేను. నువ్వు తప్పు చేస్తావని నా బుర్రకి అందలేదు. నీతోనే ఆ కత్తిని వెక్కిరించాను.

ఇంజనీరు మర్యాదగానే చెప్పాడు. తప్పు తనదీ అట, అట్ట వచ్చినప్పుడు తను చూసుకోవలసిందట. కొత్త అట్టలు సరిగ్గా కోసి ఇవ్వమన్నాడు, కరపత్రంలో ఆ వాక్యం తీసేయమన్నాడు. పాతదంతా తవ్వితే ఎవరికి లాభం, ఆ పిల్లలంతా ఎవరి దారుల్లో వాళ్ళు స్థిరపడి ఉంటారు, ఇప్పుడు చెప్పి వాళ్ళ మనసులు కష్టపెట్టడమెందుకు అన్నాడు. సరే అన్నట్టు తల ఊపాను, మావయ్యా. నేను. జీవితంలో మొదటిసారి. బడిదాకా నడిచాక గానీ నా మెడ ఏం చేసిందో నాకు తెలియలేదు. ఆయనకి ఎదురు చెబితే నీ పేరు బయటికి వస్తుంది కదా, అందుకు ఊపాను.

ఒక్కటే అడుగుతాను. చుట్టూ తిప్పకుండా రాయి. నీకు తెలుసా? నాకు తొమ్మిది వచ్చినప్పుడు నువ్వు ఆ అట్టని ఒక్కసారి చూశావా, చూసి ఊరుకున్నావా? ఆ నాలుగో చక్రాన్ని బీరువాలో ఎందుకు పెట్టావు?

నీ మేనకోడలు

*

ఆ తర్వాతి బుధవారం

మావయ్యా,

నీ జవాబు సోమవారం అందింది. ప్రెస్సులో మిషన్ ఆపి చదివాను. నీ మాటలు కొన్ని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే వాటిని నేను చెయ్యి తిరిగేదాకా రాసుకోవాలి:

"నాకు తెలియదే, పిచ్చిదానా. తెలిసి ఊరుకుంటే దొంగనయ్యేవాణ్ణి, దొంగని క్షమించవచ్చు. నేను చేసింది అంతకన్నా హీనం. నువ్వు చక్రాలు కోయడం నా కళ్ళతో చూశాను. ఏ పన్ను ఎందులో కూర్చుంటుందో నాకంటే ముందు చెప్పేదానివి. ఆ పిల్లకి తొమ్మిది వచ్చాయంటే, నా కళ్ళు అబద్ధమా, నా అట్ట అబద్ధమా అని ఒక్క నిమిషం ఆలోచించాలి కదా. ఆలోచించలేదు. నా చెయ్యి తప్పు చెయ్యదు. కాబట్టి నీ బుర్రే తక్కువ అనుకున్నాను. జాలిపడ్డాను. నీకు దెబ్బ తగలకూడదని రంపం దాచాను."

ఈ మాటలు చదివి ఆ సాయంత్రం దాకా నీ మీద మండిపోయాను. ఇప్పుడు మండడం లేదు. ఎందుకో చెబుతాను, అది చెప్పడం నాకు కష్టం.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే బడికి వెళ్ళాను, నత్తని వెంటబెట్టుకుని. అట్ట తప్పు మొదట చూసింది తనే కాబట్టి సాక్షిగా ఉంటుందనుకున్నాను. పెద్ద టీచరు మొదట తాళం ఇవ్వనంది. "పాత కాగితాలు చూసి ఏం చేస్తారర్రా, ఎలుకలు కూడా చూడవు వాటిని" అంది. నత్త మెల్లగా, ఎప్పటిలాగే మెల్లగా, "మేం ఏం రాశామో మేం చూసుకుంటామండీ" అంది. ఆ మాటకి ఆవిడ తాళం తీసి ఇచ్చింది.

సామాన్ల గదిలో పదకొండు కట్టలూ ఉన్నాయి. మొదటి ఏడాది కట్ట విప్పాను. ఖ అట్టని సరైన వైపు తిప్పి పెట్టి ఒక్కోటీ దిద్దాం. నేను లెక్కపెట్టడం, నత్త రాసుకోవడం. ముప్పై ఒకటి. ఇరవై రెండు. ముప్పై మూడు. నా కాగితం ఎప్పుడొస్తుందా అని ప్రతి పేరూ ముందే తొంగి చూస్తున్నాను. వచ్చింది. నా పేరు చివర అప్పుడు నేను వేసుకునే పక్షి బొమ్మ కూడా ఉంది. అట్ట పెట్టాను.

ఇరవై ఆరు.

రెండుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి నత్త లెక్కపెట్టింది. ఇరవై ఆరే. అట్ట సరిగ్గా ఉన్నా నాకు నీలం చీటీ వచ్చేది కాదు, మావయ్యా. పదకొండేళ్ళ అన్యాయాన్ని చేత్తో పట్టుకుని ఊరంతా ఊగిపోయిన నిప్పుకోడికి రెండు మార్కులు తక్కువ. నీకు ముప్పై ఆరు అని రాద్దామనుకున్నాను. ఈ కాగితం మీదే మూడు అంకె వేశాను కూడా, కొట్టేసిన మరక పైన కనిపిస్తోంది చూడు.

నేను నా కాగితం పక్కన పెట్టేలోపు, నత్త తర్వాతి కాగితం తీసి అట్ట పెట్టి, లెక్కపెట్టి, నా వైపు జరిపింది. ప్రతి చిల్లులోనూ గీత ఉంది. ఒక్కటే ఖాళీ. ముప్పై తొమ్మిది. ఎవరిదా అని పేరు చూశాను.

తనదే.

పదకొండు కట్టల్లో, ఎడమ బెంచీ, కుడి బెంచీ అంతా కలిపి, అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేదు. ఆ అమ్మాయి ఆరేళ్ళుగా నా పక్కన కరపత్రాలు మడుస్తోంది. మెల్లగా ఎందుకు మడుస్తుందో ఆ గదిలో మొదటిసారి అడిగాను. "ప్రతిదీ అంచు కలిసిందో లేదో చూస్తానే" అంది. మేం మడిచిన వందలో పదిహేను పాడవుతాయి. తను మడిచిన అరవైలో ఒక్కటీ పాడవదు. యజమాని ఎప్పుడూ ఆ లెక్క చూడలేదు, నేనూ చూడలేదు. మావయ్యా, తనకి నత్త అని పేరు పెట్టింది నేనే. మొదటివారంలో పెట్టాను, అందరూ నవ్వారు, అతుక్కుపోయింది. నువ్వు నీ అట్టని నమ్మి నన్ను తక్కువ అనుకున్నావు. నేను అట్ట కూడా లేకుండానే తనని తక్కువ అనుకున్నాను. అన్యాయాన్ని పేరు పెట్టి పిలవాలని నీకు గొప్పగా రాశాను కదా, నేను పెట్టిన పేర్లు ఇలాంటివి.

నిన్న ఇద్దరం మళ్ళీ కర్మాగారానికి వెళ్ళాం, ముప్పై తొమ్మిది కాగితం పట్టుకుని. పెద్ద ఇంజనీరు మళ్ళీ పాత పాటే అందుకోబోయాడు, కొత్త అట్ట వచ్చింది కదా, ఇకముందు ఏ ఇబ్బందీ ఉండదని. అప్పుడు తను అడిగింది. ఇంజనీరుని తల ఎత్తి చూస్తూ, పదం పదం విడదీసి అడిగింది.

"కొత్త అట్ట సరిగ్గా ఉందని మీకెలా తెలుసండీ?"

ఆయన ప్రెస్సు వాళ్ళు జాగ్రత్తగానే కోసి ఉంటారన్నాడు. నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"అన్నీ సరైన జవాబులతో ఒక కాగితం మనమే గీసి, దాని మీద అట్ట పెడితే నలభై రావాలి కదండీ. పదకొండేళ్ళ కిందట అది ఒక్కసారి చేసి ఉంటే సరిపోయేది."

ఆయన బిక్కచచ్చిపోయాడు. అబద్ధం చెప్పను, నేనూ అంతే. మా ఇద్దరిలో ఒకరు పంపు బిగించాక నీళ్ళు వదిలి చూడకుండా గడప దాటనివ్వని మనిషి, ఇంకొకరు రోజుకి వెయ్యి కాగితాలు కోసే మనిషి. నీ సంగతి నువ్వే రాశావు. ఎవరికీ తట్టలేదు. ఆయన అన్నాడు, "అమ్మా, మేం ఇంజనీర్లకి నేర్పే మొదటి పాఠం అదే." ఇరవై ఎనిమిది అనే గీత ఎక్కడినుంచి వచ్చిందో అది కూడా నేను అడిగేశాను. మొదటి ఏడాది ఆ మార్కు దగ్గర ఆపితే బస్సు సరిగ్గా నిండిందట. అంతే. బస్సులో సీట్లు ఉన్నంతమందే ఇంజనీర్లు కాగలరన్నమాట. ఇంజనీరే ముందు నవ్వాడు, ఆ నవ్వు మొహం మీద ఎక్కువసేపు నిలవలేదు.

ఒప్పుకున్నాడు, మావయ్యా. దాచడం లేదు. శుక్రవారం పరీక్ష రద్దు, చీటీలు రద్దు. దానికి బదులు శనివారం అందరినీ పిలుస్తున్నాం. ఈ ఏడాది ఏడో తరగతి పిల్లలు, ఆడా మగా అందరూ. వాళ్ళతోపాటు పదకొండేళ్ళలో కుడి పక్క కూర్చున్న వాళ్ళు, దొరికినంతమంది. ఎవరి కాగితం వాళ్ళ చేతికిస్తాం, ఏం జరిగిందో ఆయనే నిలబడి చెబుతాడు. ఆ తర్వాత ప్రసంగాలు ఉండవు. ప్రతి ఒక్కరూ ఇంట్లో పనిచేయని వస్తువొకటి తెచ్చుకోవాలి. కుళాయి, గడియారం, కుట్టుమిషన్, ఏదైనా. ఇంజనీర్లు పిల్లల పక్కన బెంచీల మీద కూర్చుని వాటిని విప్పుతారు. ఎందుకు ఆగిందో కనిపెట్టడమే మా పని అని ఆయన అన్నాడు, అది చూపించకుండా ఇన్నాళ్ళూ చక్రాల బొమ్మలు చూపించామని కూడా అన్నాడు. నా తరగతి వాళ్ళలో పద్నాలుగు మంది ఆచూకీ దొరికింది. ఒకామె చీటీ ఇంకా దాచుకుంది. సంగతి చెబితే గుమ్మంలోనే కూర్చుండిపోయింది, లేవడానికి చాలాసేపు పట్టింది.

నువ్వు రావాలి. వచ్చి క్షమాపణ చెప్పమని కాదు, అది నీ ఉత్తరంలోనే అయిపోయింది. నీ పెద్ద కత్తి తీసుకురా, పన్ను విరిగినదే. ఇకముందు అట్టలు పరీక్షకి కాదు కానీ, తప్పు ఎలా జరిగిందో పిల్లలకి చూపించాలి. రెండు అట్టలు కలిపి నువ్వు వాళ్ళ ముందు మళ్ళీ అలాగే ఒకే వేటుకి కోయాలి. ఏం తప్పిందో కనిపెట్టమని వాళ్ళనే అడుగుదాం. ఆ మాట చెప్పింది తను. ఈరోజు పొద్దున ప్రెస్సులో తనని అసలు పేరుతో పిలిచాను. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది.

నా నాలుగో చక్రం ఇంకా ఆ బీరువాలోనే ఉంది, పెద్ద టీచరు చూపించింది. సగం పళ్ళే ఉన్నాయి. ఇరవై ఆరు వచ్చినదాన్ని తక్కిన సగం కోయవచ్చో లేదో నేను ఎవరినీ అడగబోవడం లేదు.

దీని వెనక అచ్చువేసిన పిలుపు కాగితం ఉంది. అక్షరాలు పేర్చింది నేను, అంచులు సరిచూసింది తను. మీ ఊళ్ళో మా బడి పిల్లలు ఎవరున్నా చేతికివ్వు. శనివారం. సాయంత్రం నాలుగు గంటలు. నీ పాత క్రాఫ్టు గది. మూడున్నరకే తలుపు తీసి ఉంటుంది, మెల్లగా వచ్చేవాళ్ళ కోసం ఆగుతాం.

నీ నిప్పుకోడి